కారు దించుతారా? చక్రానికి చోటు మిగల్చండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం కారు ఎత్తు తగ్గించడం గురించి, దానికి సరిపడే షాకులు (షాక్ అబ్జార్బర్లు), టైర్ల గురించి. అందుకే అన్నిటినీ ఒకచోట చేర్చాం. పక్కవాళ్ల ప్రశ్నకిచ్చిన జవాబు కూడా చదవండి. మీ కారు కాకపోయినా లెక్క మాత్రం అదే.

ప్రశ్న: మాది 2019 స్విఫ్ట్ జెడ్ఎక్స్ఐ. టైరుకీ వీల్ ఆర్చికీ మధ్య చెయ్యి దూరేంత సందు ఉంది, చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉంటోంది. 50 మి.మీ. దించాలని ఉంది. స్పీడ్ బ్రేకర్లకు అడుగు తగులుతుందా? (గుంటూరు)

అడుగు తగలడం తర్వాతి మాట. అంతకంటే ముందు చక్రం పైకి లేవడానికి చోటు మిగలదు.

కారు నిలబడి ఉన్నప్పుడు చక్రం ఇంకెంత పైకి లేస్తే, దాన్ని ఆపే రబ్బరు దిమ్మె అయిన బంప్ స్టాప్‌కు తగులుతుందో, ఆ దూరమే మీ చేతిలో ఉన్న పెట్టుబడి. లెక్క కోసం అది 70 మి.మీ. అనుకుందాం. 30 దించితే 40 మిగులుతుంది. గుంతలో పడ్డప్పుడు 70 మి.మీ.లో అరిగించుకున్న దెబ్బనే ఇప్పుడు 40లో అరిగించుకోవాలి. అందుకు స్ప్రింగు దాదాపు 3 రెట్లు గట్టిగా ఉండాలి, ఎందుకంటే స్ప్రింగు దాచుకునే శక్తి అది కుంగిన దూరపు వర్గాన్ని బట్టి ఉంటుంది. మీరనుకున్నట్టు 50 దించితే మిగిలేది 20, కావాల్సిన గట్టిదనం 12 రెట్లు! బజారులో దొరికే లోయరింగ్ స్ప్రింగులు కంపెనీ స్ప్రింగుకన్నా మామూలుగా 10 నుంచి 30 శాతమే గట్టివి. మిగిలిన దెబ్బను ముందు బంప్ స్టాప్ తింటుంది, తర్వాత స్ట్రట్ (ముందు చక్రం దగ్గర స్ప్రింగు, షాకు కలిసిన జోడీ) బిగించి ఉండే మౌంటు, ఆ పైన మీ నడుము.

మీ కారులో నిజంగా ఎంత చోటుందో తెలుసుకోవడానికి రూపాయి ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. వెనక షాకు దుమ్ము తొడుగు పైకి లేపి, మెరిసే రాడ్డు చుట్టూ సన్నటి ప్లాస్టిక్ ట్యాగు బిగించి, దాన్ని షాకు ఒంటి మీదికి ఆనేలా కిందికి జరపండి. బంప్ స్టాప్ అంచు నుంచి ట్యాగు దాకా కొలిచి రాసుకోండి. రోజూ తిరిగే దారిలో, ఇంటిల్లిపాదీ ఎక్కిన రోజుతో కలిపి, ఒక వారం నడపండి. షాకు కుంగినప్పుడల్లా దాని ఒళ్లు ట్యాగును పైకి తోస్తుంది, తిరిగి వచ్చేటప్పుడు ట్యాగు అక్కడే ఉండిపోతుంది. వారం తర్వాత ట్యాగుకీ బంప్ స్టాప్‌కీ మధ్య ఇంకా 25 మి.మీ. ఖాళీ ఉంటే అంతమేరకు దించినా మీ దారికి ఇబ్బంది లేదు. ట్యాగు ఇప్పటికే బంప్ స్టాప్‌ను ముద్దాడుతుంటే కంపెనీ ఇచ్చిన ఎత్తు మొత్తం మీరు వాడేసుకుంటున్నట్టే. ముందు స్ట్రట్లకూ ఇదే పరీక్ష, కాకపోతే తొడుగు పైకి లాగి కట్టడానికి కాస్త ఓపిక కావాలి.

ఇక స్పీడ్ బ్రేకరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఐఆర్‌సీ 99 ప్రకారం కట్టిన గుండ్రటి హంపు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధంతో ఉంటుంది. స్విఫ్ట్ ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2,450 మి.మీ. కారు నడిమధ్యన హంపు శిఖరం ఉన్న క్షణంలో నాలుగు చక్రాలూ హంపు మీదే ఉంటాయి కాబట్టి, అడుగుకీ శిఖరానికీ తగ్గే దూరం 44 మి.మీ. మాత్రమే. అలాంటి హంపు మీద 50 దించిన కారు కూడా హాయిగా వెళ్తుంది. చిక్కంతా ఊళ్లల్లో రాత్రికి రాత్రి పోసిన కాంక్రీటు దిమ్మెలతోనే. రెండడుగుల వెడల్పు, 15 సెం.మీ. ఎత్తు ఉన్న దిమ్మె మధ్యలోకి వచ్చేసరికి చక్రాలు రెండు వైపులా చదును నేల మీద ఉంటాయి. అప్పుడు అడుగుకు కావాల్సింది నిండా 150 మి.మీ. స్విఫ్ట్‌కు కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్సు 163. అందులోంచి 30 తీసేస్తే, అలాంటి దిమ్మె మీద సైలెన్సర్ పైపు గీరుకోవడం ఖాయం.

జనం ఎక్కితే సంగతి వేరు. వెనక ఒక్కో చక్రం మీద 100 కిలోలు అదనంగా పడితే, మిల్లీమీటరుకు 25 న్యూటన్ల రేటున్న స్ప్రింగు దాదాపు 40 మి.మీ. కుంగుతుంది. దించిన 30, కుంగిన 40 కలిస్తే ఎంతో మీరే చూసుకోండి.

మా మాట: ముందు 25 నుంచి 30, వెనక దానికంటే 5 తక్కువ, అంతే. సందు కనిపించకుండా ఉంటే చాలనుకుంటే అసలు దించకుండా అల్లాయ్ ఆఫ్‌సెట్ (రిమ్ము నడిమధ్య నుంచి హబ్బుకు ఆనే ముఖం దాకా ఉండే దూరం) మార్చి చక్రాన్ని 10 మి.మీ. బయటికి తెచ్చినా కంటికి చాలా తేడా తెలుస్తుంది.

ప్రశ్న: స్ప్రింగులు కొత్తవి ఎందుకు, ఉన్నవాటినే ఒక చుట్టు కోసేస్తే సరిపోతుందని మా ఊళ్లో మెకానిక్ అంటున్నాడు. నిజమేనా? (నల్లగొండ)

కోస్తే దిగుతుంది, అందులో అబద్ధం లేదు. స్ప్రింగు గట్టిదనం పనిచేసే చుట్ల సంఖ్యకు విలోమంగా ఉంటుంది. 6 చుట్లలో ఒకటి తీస్తే 6/5, అంటే 20 శాతం గట్టిపడుతుంది. ఇంతవరకూ బజారులో కొనే లోయరింగ్ స్ప్రింగుకీ దీనికీ పెద్ద తేడా లేదు.

తేడా చివర్లలో వస్తుంది. చాలా కార్ల వెనక స్ప్రింగు కొస సన్నగా ముడుచుకుని, యాక్సిల్ మీదున్న గిన్నెలో సరిగ్గా కూర్చునేలా చేసి ఉంటుంది. ఆ కొస కోసేస్తే స్ప్రింగు ఒక్క బిందువు మీద ఆనుతుంది, పక్కకి వంగుతుంది, నడుస్తుంటే టక్‌మని తిరుగుతుంది. పైగా కోశాక స్ప్రింగు పొట్టిదయింది, షాకు మాత్రం పాత పొడవే. చక్రం గుంతలోకి పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగు కన్నా షాకు పొడవుగా ఉంటే స్ప్రింగు వదులై గిన్నెలోంచి జారుతుంది. జాకీ ఎక్కించినప్పుడు స్ప్రింగును చేత్తో తిప్పగలిగితే ఆ కారును రోడ్డెక్కించకండి.

గ్యాస్ కటింగుతో కోస్తే ఇంకా ఘోరం. వేడి తగిలిన మేర ఉక్కు పదును పోయి, కొన్ని నెలల్లో ఒక పక్క కుంగిపోతుంది. స్ప్రింగును ఎర్రగా కాల్చి కూర్చోబెట్టే పద్ధతి ఇంకా అక్కడక్కడా ఉంది, దాని గురించి మాట్లాడటం కూడా దండగ.

ప్రశ్న: మా పోలో టీఎస్ఐకి 35 మి.మీ. లోయరింగ్ స్ప్రింగులు వేయించాను. షాకులు కంపెనీవే, 60 వేల కిలోమీటర్లు నడిచాయి. ఇప్పుడు హైవే మీద ఫ్లైఓవర్ జాయింట్లు దాటాక కారు రెండు మూడు సార్లు ఊగుతోంది. చిన్న గుంతకే టప్ మని శబ్దం. స్ప్రింగులు మంచి కంపెనీవే. తప్పెక్కడ? (హైదరాబాద్)

స్ప్రింగులో తప్పులేదు, జోడీ కుదరలేదు.

స్ప్రింగు పని కుంగడం, తిరిగి లేవడం. ఆ లేవడాన్ని పట్టి ఆపేది షాకు. స్ప్రింగు ఎంత గట్టిదైతే అంత కసిగా తిరిగి తోస్తుంది. గట్టిదనం 30 శాతం పెరిగితే, ఊగుడు అంతకుముందులాగే ఆగడానికి షాకు పట్టు 1.3 వర్గమూలం మేరకు, అంటే 14 శాతం పెరగాలి. మీ షాకులు కొత్తవైనా ఆ 14 శాతం లోటు ఉండేది. 60 వేలు నడిచినవి కాబట్టి లోటు ఇంకా పెద్దది. ఫ్లైఓవర్ దగ్గర మీరు చూస్తున్న ఊగుడు అదే.

టప్ శబ్దం కథ వేరు. షాకు లోపల పిస్టన్ ఇంతకుముందు నడిమధ్యన పనిచేసేది. కారు 35 దిగాక పిస్టన్ కూడా ఆ మేరకు కిందికి జరిగింది. ఇప్పుడు ప్రతి చిన్న గుంతకూ బంప్ స్టాప్ తగులుతోంది. ఇంకో మెలిక కూడా ఉంది. మన దేశంలో అమ్మిన పోలో ఎత్తు ఇక్కడి రోడ్ల కోసం పెంచినది. యూరప్ కారు కోసం చేసిన స్ప్రింగు పెట్టె మీద 35 అని రాసి ఉంటే అది అక్కడి ఎత్తు నుంచి లెక్క. ఇక్కడ అంతకన్నా ఎక్కువే దిగుతుంది. చక్రం మధ్య బిందువు నుంచి ఫెండరు అంచు దాకా ఇప్పుడు కొలవండి, దించని పోలోలో అదే కొలత తీసి పోల్చండి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి కలిసి లెక్క తప్పుతుంది.

షాకు ఎంచుకునేటప్పుడు చూడాల్సిన మొదటి విషయం ఒంటి పొడవు. దించిన కారుకు పొట్టి ఒళ్లున్న షాకు కావాలి. అప్పుడే పిస్టన్ మళ్లీ నడిమధ్యకు వస్తుంది, పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగు వదులవ్వదు. బిల్‌స్టీన్ సరుకులో ఈ తేడా పేరులోనే ఉంది: బీ6 మామూలు ఎత్తుకు, బీ8 లోయరింగ్ స్ప్రింగుల కోసం పొట్టిగా చేసింది. బీ12 అనేది బీ8 షాకులకు ఐబాక్ స్ప్రింగులు కలిపి అమ్మే సెట్టు. 15 నుంచి 20 మి.మీ. మాత్రమే దించినవాళ్లకు మామూలు పొడవున్న కొత్త గ్యాస్ షాకు సరిపోతుంది, పొట్టిది కొని డబ్బు వృథా చేయొద్దు. 30 దాటితే పొట్టి షాకే.

రెండోది రీబౌండ్, అంటే రాడ్డు బయటికి వచ్చేటప్పుడు ఉండే పట్టు. పెరగాల్సింది అక్కడే ఎక్కువ. కొంతమంది స్ప్రింగుతో పాటు కంప్రెషన్ (రాడ్డు లోపలికి వెళ్లేటప్పుడు ఉండే పట్టు) కూడా బాగా గట్టిగా ఉన్న షాకు కొంటారు. మన గతుకుల మీద అది కారును ఎగరేస్తుంది, టైరు రోడ్డును వదిలేస్తుంది. సర్దుబాటు నాబ్ ఉన్న షాకు తీసుకుంటే మెత్తటి చివర నుంచి మొదలుపెట్టండి. ఊగుడు ఒక్కసారితో ఆగే దాకా ఒక్కో క్లిక్కు పెంచండి. అక్కడితో ఆపండి, ఆ తర్వాత పెంచే ప్రతి క్లిక్కూ సుఖాన్ని తినేదే.

మోనోట్యూబ్ గ్యాస్ షాకు రాడ్డును ఎప్పుడూ బయటికి తోస్తూ ఉంటుంది. బిగించాక కారు కొన్ని మి.మీ. లేచినట్టు కనిపిస్తే కంగారు పడకండి.

స్ప్రింగులు ఆర్డరు చేసేటప్పుడు ఇంజను, యాక్సిల్ బరువు తప్పక చెప్పండి. డీజిల్ పోలో ముక్కు పెట్రోల్ దానికన్నా బరువు. డీజిల్ స్ప్రింగు పెట్రోల్ కారుకు వేస్తే ముందు భాగం అనుకున్నంత దిగదు, వెనక దిగిపోతుంది, కారు ముక్కు పైకెత్తి పడవలా కనిపిస్తుంది.

షాకులు ఎప్పుడూ జతగా మార్చాలి. కుడి పక్క కారుతోందని అదొక్కటే మార్చడం కుదరదు. వాటితో పాటు స్ట్రట్ మౌంట్లు, బేరింగులు, బంప్ స్టాపులు, దుమ్ము తొడుగులు కొత్తవి వేయించండి. అదే శ్రమలో పని అయిపోతుంది. బంప్ స్టాప్ కొంత కోయమని స్ప్రింగు కంపెనీ కాగితంలో ఉంటే, చెప్పినంతే కోయండి. అది అడ్డుగా ఉందని తీసి పారేస్తే మాత్రం పిస్టన్ నేరుగా షాకు అడుగును గుద్దుతుంది, వాల్వు పగులుతుంది.

ప్రశ్న: నేనే ఇంట్లో బిగించుకోవాలనుకుంటున్నా. పానాలు, జాకీ ఉన్నాయి. జాగ్రత్తలు చెప్పండి. కారు స్విఫ్ట్. (కడప)

జాకీతో పాటు రెండు స్టాండ్లు, టార్క్ రెంచి, మంచి స్ప్రింగ్ కంప్రెసరు లేకపోతే మొదలుపెట్టకండి. బిగించి ఉన్న స్ప్రింగు విడిపోతే మనిషి ప్రాణం తీయగలదు. సన్నటి హుక్కుల చవక కంప్రెసరుకు ఆ బలం ఉండదు. స్ట్రట్లు విప్పి తెచ్చి, స్ప్రింగు మార్పించే పనొక్కటి గ్యారేజీలో చేయించుకోవడం తెలివైన పని.

వరస ఇదీ. కారు నేల మీద ఉండగానే వీల్ నట్లు కాస్త సడలించండి. స్టాండ్ల మీద ఎక్కించి చక్రం తీయండి. స్ట్రట్‌కు పట్టి ఉన్న బ్రేకు పైపు క్లిప్పు, ఏబీఎస్ వైరు క్లిప్పు ముందు విడదీయండి, లేకపోతే కిందికి జారిన హబ్బు (చక్రం బిగించే భాగం) వాటిని లాగి తెంపుతుంది. తర్వాత లింక్ రాడ్. నకిల్‌కు (హబ్బును మోసే లోహపు దిమ్మెకు) స్ట్రట్‌ను కలిపే రెండు బోల్టులు విప్పేముందు వాటి తలల చుట్టూ పెయింటు పెన్నుతో గీత గీయండి, క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలిన కోణం) ఎక్కడుందో గుర్తు ఉంటుంది. హబ్బును తాడుతో కట్టి ఉంచండి, డ్రైవ్ షాఫ్టు బయటికి జారకుండా. పైన బానెట్ కింద మౌంటు నట్లు ఆఖరున.

షాకు రాడ్డు నట్టు మీద గాలి గన్ను వాడకండి. రాడ్డు గిర్రున తిరిగి లోపలి సీలు చీలిపోతుంది. రాడ్డును ప్లయర్‌తో పట్టుకోవడం అంతకంటే తప్పు. అందులో పడిన చిన్న గీత చాలు, నూనె కారడానికి.

ఇంటి పనిలో అందరూ మరిచిపోయేది బుష్‌లు, అంటే కీళ్లలో ఉండే రబ్బరు తొడుగులు. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని అడుగు నుంచి పట్టి ఉంచే చెయ్యి), వెనక యాక్సిల్ బుష్ బోల్టులు కారు గాల్లో ఉండగా పూర్తిగా బిగిస్తే, రబ్బరు ఆ వేలాడే స్థితిలోనే పట్టుకుంటుంది. కారు కిందికి దిగగానే రబ్బరు మెలి తిరిగి ఉంటుంది, ఏడాది తిరక్కుండా చీలుతుంది. ఆ బోల్టులు చేత్తో పట్టించి, చక్రాలు నేల మీద ఆనాక, కారును రెండుసార్లు ఊపి, అప్పుడు మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు బిగించండి. నైలాన్ నట్లు పాతవి మళ్లీ వాడకండి. వీల్ నట్లు 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూడండి.

కొత్త స్ప్రింగు మొదటి 300 నుంచి 500 కిలోమీటర్లలో ఇంకో 3 నుంచి 5 మి.మీ. కూర్చుంటుంది. అందుకే బిగించిన రోజు టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగిన కోణం) మాత్రం సరిచేయించి, పూర్తి అలైన్‌మెంట్ ఆ తర్వాత చేయించండి. హెడ్‌లైట్ల ఎత్తు కూడా అప్పుడే.

ప్రశ్న: దించిన స్విఫ్ట్‌కు 17 అంగుళాల అల్లాయ్‌లు, 205/45 టైర్లు షాపువాళ్లు చూపించారు. 15 అంగుళాల్లోనే ఉండమని స్నేహితులు అంటున్నారు. ఎవరి మాట వినాలి? (విశాఖపట్నం)

స్నేహితుల మాట.

కంపెనీ టైరు 185/65 ఆర్15. బయటి వ్యాసం 621.5 మి.మీ. వస్తుంది: 185లో 65 శాతం 120.25, దానికి రెట్టింపు 240.5, రిమ్ము 381. మీరు చెప్పిన 205/45 ఆర్17 వ్యాసం 616.3. వ్యాసంలో తేడా ఒక శాతం లోపే, కాబట్టి స్పీడోమీటరుకు ఇబ్బంది లేదు. కానీ టైరు గోడ 120 నుంచి 92 మి.మీ.కి తగ్గింది. సస్పెన్షన్‌లో 30 మి.మీ. పోగొట్టుకున్న కారుకు గుంతను మింగడానికి మిగిలింది టైరు గోడే. అక్కడ కూడా 28 మి.మీ. తీసేస్తే వానాకాలంలో నీళ్లు నిండిన గుంత ఒక్కటి చాలు, రిమ్ము వంగడానికో, గోడ ఉబ్బడానికో. ఉబ్బిన టైరుకు మరమ్మతు లేదు, మార్చాల్సిందే.

మేం చెప్పేది 195/60 ఆర్15. వ్యాసం 615, అంటే అసలుకన్నా ఒక శాతం తక్కువ, గోడ 117. కంపెనీ 15 అంగుళాల రిమ్ము మీదే కూర్చుంటుంది, దొరకడమూ తేలిక. 16 అంగుళాలే కావాలంటే 195/55 ఆర్16, వ్యాసం 620.9, గోడ 107. 205/55 ఆర్16 మాత్రం వద్దు. 632 మి.మీ.తో 10 మి.మీ. పెద్దదైపోయి, దించిన ఆర్చిలో లైనరుకు రాసుకుంటుంది.

రుద్దుడు ఎక్కువగా వచ్చేది టైరు వల్ల కాదు, రిమ్ము ఆఫ్‌సెట్ వల్ల. లెక్క ఇలా: 6 అంగుళాల వెడల్పు, ఈటీ (మి.మీ.లో ఆఫ్‌సెట్) 45 ఉన్న రిమ్ము తీసి 7 అంగుళాలు, ఈటీ 35 వేశారనుకోండి. వెడల్పు అంగుళం పెరిగింది, అందులో సగం అంటే 12.7 మి.మీ. బయటికి, సగం లోపలికి. ఆఫ్‌సెట్ 10 తగ్గింది కాబట్టి మొత్తం రిమ్ము 10 బయటికి జరుగుతుంది. కలిపితే బయటి అంచు 22.7 మి.మీ. బయటికి, లోపలి అంచు 2.7 మి.మీ. స్ట్రట్ వైపుకి. షాపులో 'ఫిట్ అవుతుంది సార్' అన్నప్పుడు ఈ రెండు అంకెలు అడగండి.

స్విఫ్ట్‌కు పీసీడీ (నట్ల సంఖ్య, అవి కూర్చున్న వలయం వ్యాసం) 4×100, మధ్య రంధ్రం 54.1. హోండా సిటీకీ 4×100 అయినా మధ్య రంధ్రం 56.1, పోలోది 5×100, 57.1. రంధ్రం పెద్దగా ఉన్న అల్లాయ్‌కు మధ్యలో రింగు వేయకపోతే 80 దాటగానే స్టీరింగు వణుకుతుంది, బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేసినా పోదు. నట్ల మరలు కూడా చూడండి. స్విఫ్ట్‌కు 12×1.25, హోండా, హ్యుందాయ్‌లకు 12×1.5. ఒకటి ఇంకొకదానికి రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కి స్టడ్డును పాడుచేస్తుంది.

టైరు మీద లోడ్ ఇండెక్స్ తగ్గకూడదు. మీ అసలు టైరుది 88, అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది. 84 రాసి ఉంటే 500 కిలోలే. చివరగా, తయారైన వారం: నాలుగంకెల్లో 2324 అని ఉంటే 2024లో 23వ వారం. రెండేళ్లు దాటినది డిస్కౌంటులో ఇచ్చినా వదిలేయండి.

ప్రశ్న: దించాక 6 వేల కిలోమీటర్లకే ముందు టైర్ల లోపలి అంచు తీగలు తేలేంతగా అరిగిపోయింది. క్యాంబర్ వల్లేనా? (రాజమహేంద్రవరం)

కారు దిగితే నెగెటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) పెరుగుతుంది, నిజమే. 30 మి.మీ.కు అది అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ. అంతమాత్రానికి 6 వేలకే తీగలు తేలవు. అసలు దోషి టో. లోయర్ ఆర్మ్ కోణం మారినంతగా టై రాడ్ (స్టీరింగును చక్రానికి కలిపే కడ్డీ) కోణం మారదు, ఆ తేడాతో చక్రాలు బయటి వైపు తిరుగుతాయి. ఒక్కో చక్రం పావు డిగ్రీ బయటికి తిరిగి ఉందనుకోండి. రిమ్ము అంచుల మధ్య కొలిస్తే అది 1.7 మి.మీ. కంటికి కనిపించదు. కానీ ఆ టైరు ప్రతి కిలోమీటరుకూ 4.4 మీటర్లు పక్కకి ఈడ్చబడుతుంది. దానికి తోడు నెగెటివ్ క్యాంబర్ ఉంటే ఆ రాపిడి అంతా లోపలి అంచు మీదే పడుతుంది.

అలైన్‌మెంట్‌కు వెళ్లేటప్పుడు గాలి సరిగ్గా కొట్టించి, డిక్కీ ఖాళీ చేసి వెళ్లండి. పని ముందు, తర్వాత తీసిన రెండు ప్రింట్లూ అడగండి. ముందు టో సున్నాకో, అతి కొంచెం లోపలికో ఉండాలి. కుడి ఎడమ క్యాంబర్ తేడా అర డిగ్రీ దాటకూడదు. స్విఫ్ట్‌లో నకిల్ పై బోల్టు స్థానంలో క్యాంబర్ బోల్టు వేసి సుమారు ఒకటిన్నర డిగ్రీ దాకా సర్దొచ్చు. పోలోలో స్ట్రట్ నకిల్ లోపలికి దిగి బిగుసుకునే తరహాది కాబట్టి ఆ బోల్టు పనికిరాదు. వెనక చక్రాలు రెండింటినీ కలిపే టార్షన్ బీమ్‌కు సర్దుబాటే ఉండదు, హబ్బుకీ బీమ్‌కీ మధ్య షిమ్ములు (పలచటి లోహపు బిళ్లలు) వేయాల్సిందే.

ఒకసారి కారు ముందు కింద కూర్చుని లోయర్ ఆర్మ్‌ను చూడండి. చక్రం వైపు బాల్ జాయింటు కొస, లోపలి బుష్ కొసకన్నా పైకి ఉంటే మీరు హద్దు దాటి దించారు. అక్కడి నుంచి కారు మలుపుల్లో తగ్గాల్సింది పోయి ఇంకా ఒరుగుతుంది, ఎందుకంటే రోల్ సెంటర్ (కారు ఏ బిందువు చుట్టూ పక్కకి ఒరుగుతుందో అది) కారు బరువు కేంద్రం కన్నా వేగంగా కిందికి జారిపోతుంది. ఏ షాకూ దాన్ని సరిచేయలేదు. కారును 10, 15 మి.మీ. తిరిగి పైకి ఎత్తండి.

ప్రశ్న: దించితే ఆర్టీవోతో, ఇన్సూరెన్సుతో ఇబ్బందా? (కరీంనగర్)

ఇబ్బంది ఉండొచ్చు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగానే చదివింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్‌లో, అనుమతి లేని మార్పుకు యజమానికి ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని ఉంది. అదే మోడల్ పై వేరియంట్‌కు కంపెనీ ఇచ్చే టైరు సైజుకు మారడం అన్నిటికన్నా నిశ్చింత. స్ప్రింగులు మార్చాలనుకుంటే ముందే ఇన్సూరెన్సు కంపెనీకి రాసి, జవాబు కాగితం మీద తీసుకోండి. చెప్పకుండా మార్చి క్లెయిముకు వెళ్తే సర్వేయరు అదే పట్టుకుంటాడు.

ప్రశ్న: 2023 సిటీ, కెమెరాతో బ్రేకులు వేసే మోడల్. దించొచ్చా? (తిరుపతి)

వద్దు. కెమెరా చూపు కారు ఎత్తు, వాలు ఇంతని లెక్కగట్టి పెట్టింది. దించాక మళ్లీ క్యాలిబ్రేషన్ చేయాలి. మార్చిన కారుకు ఆ పని చేసే షోరూము దొరకడం కష్టం.

ప్రశ్న: దించిన కారు వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే టైరు రాసుకుంటోంది. కాయిల్ మధ్య రబ్బరు బఫర్లు పెట్టించమంటారా? (ఖమ్మం)

పెట్టించకండి. బఫర్ పట్టుకున్న చుట్లు కదలవు, పని అంతా మిగిలిన చుట్ల మీద పడుతుంది. రబ్బరు అంచు దగ్గర మట్టి, నీళ్లు చేరి స్ప్రింగు పూత రాలిపోయి, తుప్పు పట్టి, సరిగ్గా అక్కడే విరుగుతుంది. వెనక స్ప్రింగులు మాత్రం తిరిగి కంపెనీవి వేసి, ముందు దించినవి ఉంచడం కూడా పొరపాటే, కారు ముక్కు మీద నడుస్తున్నట్టు ఉంటుంది. వెనకకు 10 లేదా 15 మి.మీ. తక్కువ దించే స్ప్రింగు వేయించండి.

మీ కారు ఏబీఎస్ లేని పాతది అయితే ఇంకొకటి చూడండి. వెనక యాక్సిల్‌కు చిన్న లింకుతో కలిపిన ఎల్ఎస్‌పీవీ అనే బ్రేకు వాల్వు ఉండొచ్చు. కారు దిగితే ఆ లింకు పైకి లేచి, వెనక బరువు ఎక్కిందని వాల్వు అనుకుని వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. ఖాళీ కారులో తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే మొదట వెనక చక్రాలే పట్టేస్తాయి. దించిన రోజే ఆ లింకును మాన్యువల్ ప్రకారం సర్దించండి.